తెల్లగుట్టకు మూడు బొటనవేళ్ళు

ఉదయగిరి ఇంకా నాలుగు మైళ్ళుందనగా రోడ్డుకు ఎడమపక్క ఒక తెల్లటి గుట్ట కనిపిస్తుంది. అది మాది. దానికోసం నేను ముగ్గురి తలలు పగలగొట్టాను.

ఈ మాట ఆత్మకూరు బస్టాండు వెనక టీకొట్టులో ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. కాగితం మీద పెట్టేసరికి చెయ్యి ముందుకు పోవడం లేదు, కాబట్టి తగ్గిస్తున్నాను. పగిలింది ఒక్క తల. అది మా నాయనది. పగలగొట్టింది మా చిన్నాయన. నేను చేసిందల్లా వంగడం. చిన్నాయన గడ్డపార నా మీదికే విసిరాడు. నేను వంగాను. నా వెనక నిలబడిన నాయన వంగలేదు.

అప్పటికి నాకు ఇరవై దాటాయి. గుట్టంతా పలుగురాయి, మావైపు తెల్లరాయి అంటారు. దాని అంచున కాస్త కాకిబంగారం పడింది. అదే, రేకులు రేకులుగా మెరిసే అభ్రకం. గుట్ట నాయన వాటాది. అయినా తవ్వుకోమని చిన్నాయన ఎవరికో రాసిచ్చి, కింద నాయన సంతకం తనే గీకేశాడు. అడగడానికి నాయన గుట్టెక్కాడు. మాటా మాటా పెరిగింది. వాళ్ళ కూలీలు సమ్మెటలు ఎత్తారు, మేము కర్రలు ఎత్తాము. ఆ తరవాత గడ్డపార. నాయన ఎడమ చెవి పైన చర్మం గుడ్డపీలికలాగా ఊడి వేలాడింది. నెత్తురు అంత ఎర్రగా ఉంటుందని, తెల్లరాయి మీద పడేదాకా నాకు తెలియదు. ఆ పూట నేను కర్ర తిప్పుకుంటూ చిన్నాయన మనుషుల్ని రోడ్డుదాకా తరిమానని మా చుట్టాల్లో ఒక కథ ఉంది. ఆ కథ పుట్టించింది నేనే. వంగినవాణ్ణి వంగినట్టే రేగుపొద వెనక్కి పోయి, గొడవ ముగిసేదాకా అక్కడే ఉన్నాను.

నాయన బతికాడు. చెవి మాత్రం పోయింది. తలకు కట్టుతోనే ఉదయగిరి రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి గుట్టనూ, దాని కడుపులో ఉన్న రాయి మీద హక్కునూ కలిపి కుటుంబ ట్రస్టుగా రాయించాడు. ట్రస్టీలు ముగ్గురు: నేను, తమ్ముడు, చెల్లెలు. ఆడపిల్లను ఎందుకు చేర్చడం అని ఎవరో గొణిగితే, “మగోళ్ళ ముచ్చట చూసినాం గదా” అని పట్టీ కట్టిన తల చూపించాడట.

ఆ పత్రంలో నాయన పెట్టిన షరతు ఒకటి మా ఊళ్ళో అందరికీ తెలుసు. గుట్టనుంచి ఒక్క రాయి కదలాలన్నా ముగ్గురూ గుట్ట మీదికే రావాలి, పైనున్న చదును బండ చుట్టూ కూచోవాలి, ఒకే పూట ముగ్గురూ ఎడమ బొటనవేలు ముద్ర వెయ్యాలి. చదువుకున్నవాళ్ళయినా సరే, సంతకం చెల్లదు. “సంతకం దొంగిలించొచ్చురా. బొటనవేలు దొంగిలించాలంటే మడిసిని పట్టుకోవాల” అనేవాడు. పత్రంలో మిగిలిన పేజీలు ఎవరూ చదవలేదు. ట్రంకుపెట్టెలో పడి ఉన్నాయి.

గుట్ట కింద ఎనిమిది ఇళ్ళ పల్లె ఉంది. అందులో మొదటి ఇల్లు మా చెల్లెలిది. ఇంటి ముందర బావి. ఆ బావి తవ్వింది ఆమె మొగుడు. కిందికి పోయేకొద్దీ రాయి పడితే మందు పెట్టి పేల్చుకుంటూ పోయాడు. ఒకరోజు వత్తి అంటుకుంది గాని మందు పేలలేదు. ఎందుకు పేలలేదో చూద్దామని దిగి, వంగాడు. అప్పుడు పేలింది. అతన్ని పైకి తెచ్చింది ఒక గోతాంలో. ఆ వారంలోనే, ఆ దెబ్బకు చీలిన బండ సందులోంచి నీళ్ళు ఊరాయి. చుట్టుపక్కల ఏ బోరు వేసినా పళ్ళు పచ్చబడి, మోకాళ్ళు పట్టేసే నీళ్ళే. ఎనిమిది ఇళ్ళూ తాగేది ఆ బావిలోవే. గుట్టలో మందు పేలిస్తే ఆ సందు పూడిపోతుందనో, ఇంకోవైపు చీలి నీళ్ళు జారిపోతాయనో మా చెల్లెలి భయం. భయం కాదు, ఆమెకు అది ఖాయం. ఒక పేలుడు ఏం చేస్తుందో ఆమెకంటే తెలిసినవాళ్ళు ఆ పల్లెలో లేరు.

తమ్ముడు పోయాక అతని చోట అతని కొడుకు ట్రస్టీ అయ్యాడు. కలువాయి దారిలో వాడికి నిమ్మతోట ఉండేది, ఎండిపోయింది. చెట్లు నరికించి కట్టెలకింద అమ్మిన రోజునుంచి వాడి మొహంలో ఏదో తెగిపోయింది. మంచివాడే, కానీ చెయ్యి ముందు లేస్తుంది, మాట తరవాత వస్తుంది. ఈలోగా తెల్లరాయికి గిరాకీ పెరిగింది. మా రోడ్డు మీద రాయి లారీలు పగలల్లా తిరగడం మొదలుపెట్టాయి. ఎక్కడినుంచో ఒక కాంట్రాక్టరు వచ్చి మావాణ్ణి పట్టుకున్నాడు. గనుల శాఖ అనుమతి ఇవ్వాలంటే భూమి గలవాళ్ళు సమ్మతి పత్రం ఇవ్వాలి. మా గుట్టకు సమ్మతి అంటే మూడు బొటనవేళ్ళు.

ఆ వేళ్ళు పడకముందే, రాయి ఎంత లోతుందో చూస్తామని వాళ్ళు ట్రాక్టరుకు కంప్రెసరు తగిలించుకొని గుట్ట మీదికి వచ్చారు. చెల్లెలు రోకలి తీసుకొని పోయింది. అరవై దాటిన మనిషి. డ్రిల్లు పట్టుకున్నవాడి వీపు మీద ఒకటి, ట్రాక్టరు డ్రైవరు మోచేతి మీద ఒకటి వేసింది. డ్రైవరు ఆమె జుట్టు పట్టుకొని ఈడ్చి కింద పడేశాడు. ఆమె పడ్డచోటినుంచే వాడి కాలిపిక్క కొరికింది. అందరూ కలిసి ఆమెను పక్కకు లాక్కుపోయి, వేసిన రెండు బెజ్జాల్లో మందు పెట్టి పేల్చారు. బావిలో నీళ్ళు ఈసారికి జారిపోలేదు. తలకాయంత రాయి ఎగిరొచ్చి చెల్లెలి కొట్టంలో కట్టేసిన పాడిబర్రె నడుం మీద పడింది. బర్రె ముందరి కాళ్ళ మీద లేవాలని చూస్తుంది, వెనక భాగం రాదు. సాయంత్రందాకా అట్లా అరిచి, చచ్చిపోయింది.

కబురు అందగానే నేను ఆత్మకూరునుంచి పోయి, కాంట్రాక్టరు గల్లా పట్టుకొని, రెండు చెంపలూ వాయించాను. ఇది టీకొట్టు మాట. అసలు జరిగింది ఇది: కాంట్రాక్టరే ఆత్మకూరు వచ్చి, తన కారులో నన్ను గుట్టదాకా తీసుకుపోయాడు. కారులో చల్లగా ఉంది. దారిలో వింజమూరులో ఆపి, భుజం మీద శాలువా కప్పి, “మీరు పెద్దలు, మీ మాట మీదే ఈ పని నడవాలి” అన్నాడు. నా మాట మీద ఏదైనా నడవాలని అన్నవాడు నా బతుకులో అతనొక్కడే. సరే అన్నాను. వేలు వేస్తాను అన్నాను. శాలువా మడిచి సంచిలో పెట్టుకొని చెల్లెలి ఇంటికి నడిచిపోయాను.

బర్రెను పూడ్చిన చోట మట్టి ఇంకా పచ్చిగా ఉంది. చెల్లెలి నుదురు కమిలి ఉంది.

“అన్నా, మన పిల్లోడు వేలు పెడతాడు. ఆడు అమ్ముడుపోయినాడు. నేను పెట్టను, నన్ను నరికినా పెట్టను. నువ్వేంది?”

“నేనేందే! నా వేలు తెగ్గొట్టుకుంటా గాని పెడతానా?”

“తెగ్గొట్టుకోవద్దులే. పెట్టకుండా ఉండు, చాలు” అంది.

సమావేశం పెట్టమని మావాడు తొందరపెట్టాడు. ట్రస్టు రాసినట్టే గుట్ట మీద, చదును బండ దగ్గర. మిట్టమధ్యాహ్నం. ఉదయగిరినుంచి దస్తావేజులు రాసే రైటరు వచ్చాడు, ఒక చేతిలో కాగితాలు, ఒక చేతిలో ఇంకు ప్యాడు. కాంట్రాక్టరు రాలేదు, వాడి మనిషి ఒకడు వచ్చాడు, మెడ లేని మనిషి. బండ సెగకు చెప్పుల్లోంచి కాళ్ళు కాలుతున్నాయి.

రైటరు కాగితం చదివాడు. మావాడు ముందు వేలు వేశాడు. తరవాత నా వైపు ప్యాడు జరిగింది.

ఇక్కడ నేను కాగితం చించి మొహాన కొట్టానని రాయాలని నా చెయ్యి లాగుతోంది. నేను వేలు వేశాను. ఎడమ బొటనవేలు, ఇంకు బాగా అద్ది, నిండుగా వేశాను. తల ఎత్తేసరికి చెల్లెలు నన్నే చూస్తోంది. తిట్టలేదు. లేచి వెళ్ళిపోవడానికి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది.

“అత్తా, కూచో” అన్నాడు మావాడు.

“కూచుంటా, మీ నాయన పాడె కాడ కూచున్నట్టు. పోరా!”

వాడు ఆమె కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. మెడ లేని మనిషి భుజాలు పట్టి కింద కుదేశాడు. “ఎడమది పట్టు, ఎడమది!” అని అరుస్తూ మావాడు కుడిచేతిని వెనక్కి మెలిపెట్టి, ఎడమచేతిని కాగితం మీదికి ఈడ్చాడు. ఆమె పిడికిలి బిగించింది. వాడు వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. అప్పుడు ఎండుకొమ్మ విరిగిన చప్పుడు వచ్చింది. కుడి మణికట్టు. ఆమె అరవలేదు, ఊపిరి లోపలికి పీల్చింది, అంతే. ఆ చప్పుడుకు మావాడూ ఒక్క క్షణం ఆగాడు. కానీ పట్టు వదల్లేదు.

నా పక్కన కొబ్బరికాయంత తెల్లరాయి ఉంది. ఎత్తాను.

ఆ తరవాత జరిగింది నేను ఉదయగిరి పోలీసులకు చెప్పినట్టు రాస్తాను: మా తమ్ముడి కొడుకు ఆ రాయి నా చేతిలోంచి లాక్కొని, నా ఎడమ బొటనవేలిని బండకేసి చితక్కొట్టాడు. నేను రాయి ఎత్తగానే రైటరు కాగితాలు పారేసి గుట్ట దిగి పరిగెత్తాడు, మెడ లేనివాడు చెల్లెల్ని వదిలేసి అతని వెనకే. చూసింది నా చెల్లెలొక్కతే.

నిజంగా జరిగింది ఇది. చెల్లెలి వేళ్ళు విప్పుతున్న వాడి చేతిని నలగ్గొడదామని రాయి ఎత్తి గట్టిగా దించాను. లేవడానికి ఊతంగా నా ఎడమచెయ్యి అదే బండ మీద ఆనించి ఉన్నాను. వాడు చెయ్యి లాక్కున్నాడు. నేను లాక్కోలేదు. గోరు, దాని కింద ఎముక, ఇంకా తడి ఆరని ఇంకు, అన్నీ కలిసి బండకు అంటుకున్నాయి. నెత్తురు కాగితం మీద చిమ్మింది. నా ముద్ర, వాడి ముద్ర కనపడకుండా కాగితం అంతా ఎర్రగా అయిపోయింది. నొప్పికి నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, “సంపేసినాడురా, నా వేలు కొట్టేసినాడు!” నొప్పిలో అన్న మాట అది. కానీ జనం పరిగెత్తుకొచ్చాక దాన్ని మార్చలేదు. మార్చకపోగా పెంచాను. రాయితో మూడుసార్లు కొట్టాడన్నాను.

మావాణ్ణి ఆ సాయంత్రమే తీసుకుపోయారు. ఆత్మకూరు సబ్ జైల్లో పెట్టారు. నాకు నెల్లూరు ఆసుపత్రిలో బొటనవేలు పైకణుపు తీసేశారు. చెల్లెలు కట్టు కట్టేవాడి దగ్గర వెదురుబద్దలు వేయించుకొని ఇంటికి పోయింది. పోలీసులు అడిగితే కాలు జారి పడ్డానంది. మేనల్లుడి మీద నోరు విప్పలేదు. నా అబద్ధాన్నీ కాదనలేదు.

నేను కట్టుతో తిరిగివచ్చాక గుట్ట సంగతి తేల్చుకుందామని ట్రంకుపెట్టెలోని పత్రం ఆత్మకూరులో ఒక ప్లీడరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఏడో పేజీ దగ్గర ఆగిపోయాడు. కళ్ళజోడు తుడుచుకొని మళ్ళీ చదివాడు. నాయన తల పగిలిన కోపం ఆ పేజీలో ఉంది. గుట్ట మీద ఒక ట్రస్టీ ఇంకొక ట్రస్టీ నెత్తురు కళ్ళజూస్తే, కొట్టినవాడికీ వాడి వారసులకీ ఆ రోజునుంచి గుట్టలో గాని, రాయిలో గాని హక్కు ఉండదు.

“ఇది కోర్టులో నిలబడతాదో లేదో నేను చెప్పలేను. కానీ ఈ పేజీ చూసినాక ఏ కాంట్రాక్టరూ మెషీను తేడు” అన్నాడు ప్లీడరు.

“మా చెల్లెలి మణికట్టు విరిచినాడు గదండీ, అది చాలదా?”

“నెత్తురు అని ఉండాది. ఎముక అని లేదే.”

అంటే చెల్లెలి బావి మొత్తం నా బొటనవేలి మీద నిలబడి ఉంది. వాడు కొట్టాడంటే వాడికి హక్కు పోతుంది, గుట్ట నాదీ చెల్లెలిదీ అవుతుంది, బావి ఉంటుంది. నేనే కొట్టుకున్నానంటే వాడు ట్రస్టీగానే ఉంటాడు, ఎడమ వేలు లేనివాడు కుడిది వెయ్యొచ్చని పత్రంలోనే ఉంది, కాంట్రాక్టరు మళ్ళీ వస్తాడు. ఈ ముచ్చట చెల్లెలికి చెప్పాను. విని, చేటలో బియ్యం ఏరింది, ఎడమచేత్తో.

“అయితే వాడే కొట్టినాడు” అంది.

మావాడి పెళ్ళాం మాత్రం ఊరుకోలేదు. టీకొట్టులో నేను మూడు దెబ్బల కథ చెబుతుండగా వెనకనుంచి వచ్చి చెప్పుతో నా వీపు మీద, మెడ మీద, చెవి మీద కొట్టింది. “నీ నోరు పుచ్చిపోను! నా మొగుడు ఆడదాని చెయ్యి పట్టినాడు, నిజమే. నీ వేలు ముట్టుకోలా. నా బిడ్డల మీద ఒట్టేసి చెప్పినాడు నాకు!” టీ గ్లాసు పగిలి నా పంచె తడిసింది. పక్కనున్నవాళ్ళు ఆమెను ఆపడానికి లేవలేదు. కొందరైతే జరిగి కూచున్నారు, ఆమెకు చెయ్యి ఆడేట్టు.

మావాడు బెయిలు మీద బయటికి వచ్చాడు. గడ్డం పెరిగి, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాడు. పల్లె పెద్దమనుషుల్ని పిలిపించి పంచాయితీ పెట్టించాడు. ఏడో పేజీ వాడికీ తెలిసింది. వాడు అడిగింది ఒక్కటే. మావైపు నిజం తేల్చడానికి కర్పూరం వెలిగించి, దాన్ని అరిచేత్తో కొట్టి ఆర్పి ప్రమాణం చేస్తారు. అబద్ధానికి ఆర్పినవాడు ఏడాది తిరక్కముందే పోతాడని, పోకుంటే ఇంట్లో ఇంకెవరైనా పోతారని మా నమ్మకం.

“పెదనాయన కర్పూరం ఆర్పమను. ఆర్పితే నేనే కొట్టినానని ఒప్పుకుంటా, గుట్ట మీద మళ్ళీ కాలు పెట్టను. ఆర్పలేదంటే కేసు వాపసు తీసుకోవాల. అత్త మారుమాట లేకుండా వేలు పెట్టాల.”

పెద్దమనుషులు చెల్లెల్ని అడిగారు. ఆమె సరే అంది. ఇంటికొచ్చాక నేను కేకలేశాను, “అట్టా ఎట్టా ఒప్పుకున్నావే!” అని.

“నువ్వు ఆర్పుతావు గదా” అంది. “పుట్టినకాడినుంచి అబద్ధాలాడతానే ఉండావు. ఒక్కటి నాకోసం ఆడు.”

ప్రమాణం రోజు పొద్దున్నే గుట్ట ఎక్కాము. మా బంధువులు, పల్లెవాళ్ళు, పెద్దమనుషులు నలుగురు. చదును బండ మీద నా నెత్తురు నల్లగా ఎండి ఉంది. దాని పక్కనే తమలపాకు, దాని మీద కర్పూరం. చెల్లెలు నా ఎదురుగా నిలబడింది, మెడకు వేలాడదీసిన చేత్తో. మావాడు పక్కన. వాడి పెళ్ళాం వాడి వెనక.

కర్పూరం వెలిగించారు. మంట నిటారుగా లేచింది.

నేను ధైర్యంగా అరచెయ్యి ఎత్తాను. ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. మంట చూస్తూ ఉన్నాను. సత్యం మీద ప్రేమతో ఆగానని, తమ్ముడి బిడ్డకు అన్యాయం చెయ్యలేక ఆగానని ఎవరైనా అనుకుంటే నాకు సంతోషమే. భయమేసింది. చావంటే నాకు చిన్నప్పటినుంచీ భయం. చెల్లెలి కళ్ళు నన్ను తొందరపెడుతున్నాయి. కర్పూరం సగమైంది.

“రాయి నా చేతిలోదే” అన్నాను. “నా వేలు నేనే కొట్టుకున్నా. వాడు కాదు.”

మావాడి పెళ్ళాం ఏడుపు మొదలుపెట్టింది. ఎవరో “థూ” అన్నారు. పెద్దమనిషి ఒకాయన చెల్లెలి వైపు తిరిగి, “ఇంక నువ్వు మాట మీద నిలబడాలమ్మా” అన్నాడు. చెల్లెలు కిందికి, బావి వైపు చూసింది. ఆ చూపులో నన్ను తిట్టడానికి కూడా ఓపిక లేదు.

నాకు అప్పుడు తెలిసింది, బావిని నేనే పూడ్చేశానని. ఇంకు అద్దినప్పుడు కాదు, ఇప్పుడు.

మావాడు నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి, వాడి చెయ్యి సంగతి నాకు గుర్తొచ్చింది. మాటకంటే ముందు లేచే చెయ్యి.

“నవ్వకురా” అన్నాను. “మీ నాయన సంగతి నీకెవురన్నా చెప్పినారా? మా నాయన తల పగిలిన రోజు, మీ నాయన ఆ రేగుపొద వెనక ఉచ్చ పోసుకున్నాడు. వాడి కడుపున పుట్టినావు, వాడిలాగే ఉండావు. ముసలామె మణికట్టు విరిచేదానికి తప్ప ఎందుకూ పనికిరావు.”

రేగుపొద వెనక ఉచ్చ పోసుకున్నది నేను. తమ్ముడు ఆ రోజు ఊళ్ళోనే లేడు. ఆ సంగతి మావాడికి ఎట్లా తెలుస్తుంది.

వాడి పిడికిలి నా నోటి మీద పడింది. రెండోది ముక్కు మీద. నేను బండ మీద వెల్లకిలా పడ్డాను. వాడు నా గుండెల మీద కూచొని ఇంకో మూడు గుద్దాడు. ఇప్పుడు మూడు అని నిజంగానే రాస్తున్నాను, లెక్కపెట్టాను. పన్ను ఒకటి గొంతులోకి పోయింది, ఒకటి పెదవిని చీల్చుకొని బయటికి వచ్చింది. నలుగురు కలిసి వాణ్ణి లాగితే గాని లేవలేదు. నేను పక్కకు తిరిగి ఉమ్మాను. తెల్లటి బండ మీద గుప్పెడంత నెత్తురు.

మావాడు తన పిడికిలి చూసుకున్నాడు, బండ చూశాడు. వాడి పెళ్ళాం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వాళ్ళిద్దరికీ ఏడో పేజీ గుర్తొచ్చింది.

“అందరూ చూసినారు గదా” అంది చెల్లెలు. గొంతు మామూలుగానే ఉంది. “కర్పూరంతో పని లేదు.”

“పెదనాయనా, కావాలని అన్నావురా!” అని మావాడు మళ్ళీ నా మీదికి రాబోయాడు. పట్టుకున్నవాళ్ళు వదల్లేదు. ఏడ్చాడు. పెద్దమగవాడు, గుక్క తిరక్కుండా ఏడ్చాడు. నేను అటు చూడలేదు, కళ్ళు వాచిపోయి చూపు ఆనలేదని తరవాత అందరికీ చెప్పాను. ఒక కన్ను బాగానే ఉంది.

పెద్దమనుషులు తమలో తాము మాట్లాడుకొని, ట్రస్టు రాసినవాడి మాట ప్రకారం మావాడికి గుట్టలో హక్కు లేదని చెప్పేశారు. నేను కేసు వాపసు తీసుకోవాలన్నారు, తీసుకున్నాను. కాంట్రాక్టరు ఆ నెలలోనే ఇంకేదో గుట్ట వెతుక్కున్నాడు.

గుట్ట దిగి ఇంటికి వచ్చాక చెల్లెలు ఎడమచేత్తోనే బావిలోంచి చేద లాగి, చెంబుతో నీళ్ళిచ్చింది. నోరు పుక్కిలించబోయాను.

“ఆడికి పోయి ఉమ్ము. బాయి కాడ కాదు.”

పోయి ఉమ్మి వచ్చాను. నేను గెలిపించానని ఆమె నోటితో ఒక్కమాట వింటానేమోనని పక్కనే కూచున్నాను. ఆమె చెంబు కడిగి బోర్లించింది.

“సోమారం ఆత్మకూరు వస్తా. ప్లీడరు కాడికి పోదాం. నువ్వు కూడా ట్రస్టులోంచి దిగిపో.”

“నేనా? పళ్ళు రాలగొట్టించుకునింది నేను!”

“వేలు పెట్టినావు. నాకు పెట్టనని చెప్పి, నా ముందర పెట్టినావు. నేను చూసినా.”

“ఆ తరవాత రాయి ఎత్తినా గదా, నీకోసం?”

“నా చెయ్యి విరిగినాక ఎత్తినావు” అంది.

సోమవారం ఆమె చెప్పిన టైముకే వచ్చింది. ప్లీడరు కాగితం రాశాడు. ఎడమ బొటనవేలు లేదు కాబట్టి కుడిది అద్దాను. గుట్టకు ట్రస్టీ ఇప్పుడు ఆమె ఒక్కతే. ప్లీడరు ఆమెను, “అమ్మా, ఒక్కరే ఉంటే రేపు ఎవరైనా వచ్చి మీ మీద పడితే?” అని అడిగాడు.

“ఇన్నాళ్ళూ పడింది మాత్రం పరాయోళ్ళా?” అంది.

బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం నిలబడ్డాము. అక్కడికి ఆవల, అరటిపళ్ళ బండి దగ్గర మావాడు ఉన్నాడు. మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు, చేతిలోని పండు తొక్కతో సహా నలిపేశాడు. నాకు ముక్కు మళ్ళీ నొప్పి పెట్టింది.

“ఏమే, నా మీద నీకు ఇసుమంత కూడా నమ్మకం లేదా?” అని అడిగాను.

“లేదు” అంది.

బస్సు వచ్చింది. కట్టు కట్టిన చెయ్యి ఎవరికీ తగలకుండా పైకి ఎత్తి పట్టుకొని, జనాన్ని మోచేత్తో తోసుకుంటూ ఎక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది. నా వైపు కాదు, రెండోవైపు.